తేలాకు నిర్మూలన సంఘం

చాలా పెద్ద అడవి అది. అందులో చెట్ల తర్వాత ఎక్కువగా ఉన్నవి సంఘాలే. నీళ్ళకొక సంఘం, నీడకొక సంఘం, రాలిన పళ్ళకొక సంఘం, రాలబోయే పళ్ళకు ఇంకో సంఘం. వాటిలో పని చెయ్యని సంఘం ఒక్కటీ లేదు. అన్నీ వారం వారం సమావేశమయ్యేవి.

ఆ అడవి నడుమ ఒక మడుగు, మడుగు గట్టున ఒక నల్లమద్ది చెట్టు, ఆ చెట్టు చిటారు కొమ్మన కొమరయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. కొమరయ్యది కాపలా పని. కింద దుప్పులు నీళ్ళు తాగుతుంటే పైనుంచి నాలుగు వైపులా చూస్తూ ఉండాలి. చిరుత కనిపిస్తే ఖక్కుమని కేక వెయ్యాలి. పన్నెండేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. ఒక్కనాడు పొరపాటు లేదు.

"కొమరయ్యన్న కేక వేస్తే ముందు కాళ్ళు పరిగెత్తాలి, తర్వాత బుర్ర ఆలోచించాలి" అని దుప్పుల మందకు పెద్దదైన చుక్కమ్మ అందరికీ చెప్పేది.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కొమరయ్య పైకి ఏమీ ఎరగనట్టు తోక సర్దుకునేవాడు. లోపల మాత్రం కడుపు నిండిపోయేది.

ఇలా ఉండగా ముళ్ళపంది వల్ల ఒక గొడవ వచ్చింది.

వాగు అవతల రాతిగుట్ట వెనక ఒక తీగ ఉంది. దాని ఆకు నమిలితే ఒళ్ళు దూదిపింజలా తేలిపోతుందని కొన్ని అడవిపందులు కనిపెట్టి, దానికి తేలాకు అని పేరు పెట్టాయి. తిననివాళ్ళు మాత్రం అది తేలులా కుడుతుంది కాబట్టి తేలాకు అన్నారు. పేరు విషయంలో ఇద్దరికీ తగాదా లేకుండా పోయింది.

ముళ్ళపంది ఒకనాటి పొద్దున రెండు ఆకులు నమిలింది. నమిలాక దానికి లోకం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఎదురైన ప్రతివాళ్ళనీ దగ్గరికి తీసుకుని గట్టిగా కౌగిలించుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికల్లా కుందేళ్ళు, కణుజులు, ఒక ముసలి ఉడుము, మొత్తం పదిహేడుగురు ఒళ్ళంతా ముళ్ళతో అడవి సభ ముందు నిలబడ్డారు.

సభాపతి ఏనుగు ఆ ముళ్ళన్నీ తీరిగ్గా చూసి, "ఇది ఇలా వదిలేస్తే లాభం లేదు. సంఘం వెయ్యండి" అన్నాడు.

అలా తేలాకు నిర్మూలన సంఘం పుట్టింది. అధ్యక్షుడు ఎలుగుబంటి భద్రప్ప. తేనె మానేశానని ఏటేటా అందరి ముందూ ప్రకటించే అనుభవం ఆయనకు ఉంది. కార్యదర్శి ఒళ్ళంతా పెంకులున్న అలుగు ముద్దయ్య. ఏ ప్రశ్న అడిగినా ఆయన బంతిలా చుట్టుకుపోతాడు. మళ్ళీ విప్పుకునేసరికి అడిగినవాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోయి ఉంటారు. ప్రచారం బాధ్యత నెమలి కలాపమూర్తిది.

మొదటి సమావేశం మద్దిచెట్టు కిందే జరిగింది.

"నిర్మూలించే ముందు అసలు ఆ ఆకు ఏం చేస్తుందో మనకు తెలియాలి. తెలియని దాన్ని నిర్మూలించడం నిబంధనలకు విరుద్ధం" అన్నాడు ముద్దయ్య.

"ముళ్ళపందిని అడిగితే సరిపోదా?" అన్నాడు కలాపమూర్తి.

"మత్తులో ఉన్నవాడి మాట సాక్ష్యానికి పనికిరాదు. మత్తు అంటే తెలియని మర్యాదస్తుడెవరైనా తిని చెప్పాలి."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. భద్రప్ప తన హోదా గుర్తు చేశాడు. కలాపమూర్తి తన పింఛం గుర్తు చేశాడు. ముద్దయ్య చుట్టుకుపోయాడు. అప్పుడు భద్రప్ప తల పైకెత్తాడు.

"కొమరయ్యా, ఒకసారి కిందికి రా."

కొమరయ్య దిగివచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"పులిసిన రేగుపండు కూడా ముట్టనివాడివని అడవంతా నీ గురించే చెప్పుకుంటారు. నువ్వు ఒక్క ఆకు తిని, ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇవాళ్టి నుంచి నువ్వు సంఘం పరీక్షాధికారివి" అన్నాడు భద్రప్ప.

కొమరయ్యకు గుండె ఝల్లుమంది. భయంతో కాదు. పన్నెండేళ్ళలో అతన్ని అధికారీ అని పిలిచినవాళ్ళు లేరు. అయినా ఇంట్లో ఒక మాట అడిగి వస్తానన్నాడు.

భార్య మాణిక్యం పక్క చెట్టు మీద ఎండలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది. విషయమంతా విని, "ఎన్ని ఆకులు?" అంది.

"ఒక్కటే."

"ఒకటి తిన్నాక రెండోది వద్దనాల్సింది ఎవరు? నువ్వా, వాళ్ళా?"

"ఇది అడవికి సేవ, మాణిక్యం."

ఆమె ఇంకేమీ అనలేదు. చిగురు ఏరుకుంటూ ఉండిపోయింది. కొమరయ్య ఆ మౌనాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టుకుని దిగిపోయాడు.

ఆకు చేదుగా ఉంది. కాసేపటికి చేదు పోయింది. ఇంకాసేపటికి పన్నెండేళ్ళుగా కొమ్మ మీద కూర్చుని కూర్చుని పట్టేసిన నడుం నొప్పి పోయింది. మడుగులో నీళ్ళు తనను చూసి నవ్వుతున్నట్టు అనిపించింది. చెట్లన్నీ చుట్టాలైపోయాయి.

"ఎలా ఉంది?" అన్నాడు ముద్దయ్య, రాసుకోవడానికి సిద్ధమై.

"చాలా బాగుందండీ" అన్నాడు కొమరయ్య. ఉన్నదున్నట్టు చెప్పడం అతనికి అలవాటు.

ముద్దయ్య రాయడం ఆపేశాడు. "అలా రాయకూడదు. మనది నిర్మూలన సంఘం."

"మరి ఏం చెప్పమంటారు?"

"రేపు ఇంకొకటి తిను. జాగ్రత్తగా గమనించు. ఎక్కడో ఒకచోట చెడు ఉండే ఉంటుంది" అన్నాడు భద్రప్ప.

మర్నాడు కొమరయ్య జాగ్రత్తగా గమనించాడు. చెడు కనబడలేదు. ఆ మర్నాడు రెండు ఆకులు తిని వెతికాడు. పది రోజుల తర్వాత చెడు కనబడింది. ఆకు తిన్నప్పుడు కాదు, తిననప్పుడు. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయి. తినబోయే పండు మీద మనసు పోవడం లేదు. ఆకు నోట్లో పడితే గాని ఎండ ఎండలా లేదు, నీడ నీడలా లేదు.

ఆ సంగతి సంఘానికి చెబితే వాళ్ళు ఎంతో సంతోషించారు.

"శభాష్. ఇప్పుడు నివేదికకు కాస్త బలం వచ్చింది. ఆపకు, కొనసాగించు" అన్నాడు భద్రప్ప.

ఈలోపు కలాపమూర్తి ప్రచారం జోరందుకుంది. పింఛం విప్పుకుని, ముక్కున ఒక ఆకు కరుచుకుని, ప్రతి పొదకూ వెళ్ళి అందరినీ పోగేసేవాడు. "అందరూ బాగా చూడండి. మూడు కొసలుంటాయి, వెనక ఎర్ర ఈనె ఉంటుంది. వాగు దాటి, రాతిగుట్ట వెనక్కి వెళ్ళి, ఎడమవైపు తిరిగితే కుప్పలుగా దొరుకుతుంది. దయచేసి ఎవరూ అటు వెళ్ళకండి" అనేవాడు.

అంతవరకూ ఆ తీగ ఎక్కడుందో తెలియనివాళ్ళు అడవిలో సగంమంది ఉన్నారు. ప్రచారం మొదలైన వారానికి అలాంటివాళ్ళు లేకుండా పోయారు. వాగు దాటే చోట కొత్తగా బాట పడింది.

ఆ బాటన వచ్చేవాళ్ళ దగ్గర లాక్కున్న ఆకంతా భద్రప్ప గుహలో భద్రపరిచారు. సాక్ష్యం కాబట్టి సంఘం సభ్యులు తరచూ దాన్ని తనిఖీ చెయ్యాల్సి వచ్చేది. తనిఖీ అయ్యాక వాళ్ళు ముగ్గురూ ఒకరి భుజాల మీద ఒకరు చెయ్యివేసుకుని బయటికొచ్చేవాళ్ళు. ముద్దయ్య ఆ రోజుల్లో ఏ ప్రశ్న అడిగినా చుట్టుకోవడం మానేసి, చాపలా పరుచుకుని పకపకా నవ్వేవాడు.

కొమరయ్య మాత్రం నవ్వడం తగ్గించాడు. కొమ్మ మీద కూర్చుంటున్నాడు కానీ చూపు నిలవడం లేదు. ఒకరోజు వాలిన దుంగను చూసి చిరుత అనుకుని కేక వేశాడు. దుప్పులన్నీ చెల్లాచెదురుగా పరిగెత్తాయి. రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే దుంగ, మళ్ళీ అదే కేక. మూడోసారి పరుగులో ఒక చూలు దుప్పి బండరాళ్ళ మీద పడి మోకాళ్ళు చీరుకుంది.

చుక్కమ్మ చెట్టు కిందికొచ్చింది. "అన్నా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది చెల్లీ. ఎండ కళ్ళలో పడింది."

"మూడుసార్లూ ఎండేనా?"

అతను అవతలి కొమ్మ మీదికి పాకి, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు.

మాణిక్యం అన్నీ చూస్తూనే ఉంది. ఒకరోజు సంఘానికి సెలవు రావడంతో కొమరయ్యకు ఆకు అందలేదు. పొద్దెక్కేసరికి ఒళ్ళంతా చెమటలు. ఆమె ఏదో మామూలుగా తినడానికి పిలిస్తే, ఆమె కూర్చున్న కొమ్మను పట్టి విరిగేలా ఊపేశాడు. ఆమె పట్టుతప్పి రెండు కొమ్మల కిందికి జారి, ఎలాగో అందిన తీగ పట్టుకుని ఆగింది. కొమరయ్య చూశాడు. దిగివచ్చి చెయ్యి అందించాలని అతనికి తెలుసు. అయినా చెట్టు దిగి భద్రప్ప గుహవైపు నడిచాడు.

అతను తిరిగొచ్చాక ఆమె గొంతు పెంచలేదు. "నీకు ఆ ఆకు అలవాటైందని నేను ఏడవడం లేదయ్యా. నీకు నేను అలవాటు తప్పాను. అది చూస్తున్నాను" అంది.

అప్పటికి ఆకు తలకెక్కి ఉంది. ఆ మాట అతనికి ఎక్కడో దూరంగా కురిసే వానలా వినబడింది.

వేసవి ముదిరాక, సంఘం సాధించిన విజయాలు అందరికీ చాటాలని భద్రప్ప ఒక పెద్ద సభ తలపెట్టాడు. సభాపతి ఏనుగు ముఖ్య అతిథి. ఆయన మెప్పు దొరికితే సంఘాన్ని శాశ్వతం చేయించుకోవచ్చని భద్రప్ప ఆలోచన. మిట్టమధ్యాహ్నం మడుగు గట్టున అందరూ తప్పనిసరిగా హాజరు కావాలని ఆజ్ఞ వెళ్ళింది. అన్ని ప్రాణులు ఒకేచోట చేరితే చిరుతకు కబురు పంపినట్టే కదా అని చుక్కమ్మ అడిగింది.

"పైన కొమరయ్య ఉన్నాడుగా" అన్నాడు భద్రప్ప.

పైన కొమరయ్య ఉన్నాడు. అంత పెద్ద సభకు కాపలా కాయాలంటే చేతులు వణకకూడదని, ఆ పొద్దున అతను మామూలుకంటే ఎక్కువే నమిలాడు.

కలాపమూర్తి ప్రసంగం సగంలో ఉండగా, తుమ్మపొదల వెనకనుంచి పసుపుపచ్చగా ఏదో కదిలింది. కొమరయ్య దాన్ని అందరికంటే ముందు చూశాడు. మోదుగపూలు వరసకట్టి నడిచి వస్తున్నాయనుకున్నాడు. పూలకు అక్కడక్కడ నల్లమచ్చలున్నాయి. ఎంత అందంగా ఉన్నాయో అనుకున్నాడు. అవి పొట్టను నేలకు ఆనించి మెల్లగా పాకుతుంటే, పాపం అలసిపోయినట్టున్నాయి అని జాలిపడ్డాడు కూడా.

కింద చుక్కమ్మ ముక్కుకు వాసన తగిలింది. తలెత్తి కొమరయ్యవైపు చూసింది. అతను నవ్వుతున్నాడు. అతను కేక వెయ్యలేదు కాబట్టి ఏమీ లేదనుకుంది. పన్నెండేళ్ళ నమ్మకం ఆమెను మూడు క్షణాలు అక్కడే నిలబెట్టింది.

నాలుగో క్షణంలో చిరుత ఆమె వెనకకాలు పట్టింది. ఏనుగు ఘీంకరించి తొండం విసిరితే వదిలేసి పొదల్లోకి దూకింది. చుక్కమ్మ బతికింది. ఆ కాలు మాత్రం మళ్ళీ మునుపటిలా నేల తాకలేదు.

నిర్మూలన సంఘమే విచారణ జరిపింది. చిరుత ముందస్తు అనుమతి లేకుండా సభకు రావడం మొదటి కారణమని తేల్చింది. పరీక్షాధికారి నిబంధనల ప్రకారమే ఆకు తిన్నాడు గాని నిబంధనల ప్రకారం మత్తెక్కలేదు కాబట్టి అతన్ని పనిలోంచి తీసెయ్యాలంది. తేలాకును చూసి గుర్తుపట్టి అందరూ దూరంగా ఉండడానికి వీలుగా మడుగు పక్కనే ఒక నమూనా తోట పెంచాలంది. ఏనుగు తల ఊపి, సంఘాన్ని శాశ్వతం చేశాడు.

ఆ తీర్పు విన్న రోజునే మాణిక్యం కొమరయ్య చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. ఉత్తరాన గడ్డిపోచ కూడా మొలవని బండలగుట్ట ఒకటి ఉంది. అక్కడ కూర్చోబెట్టి అతని తోకను తన చేతికి చుట్టుకుంది.

మూడు వారాలు పట్టింది. మొదటి వారం అతను ఆమెను తిట్టాడు. రెండో వారం బతిమాలాడు. ఒక్క ఆకు, ఒక్కటంటే ఒక్కటి, ఆఖరుసారి అని కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె రెండింటికీ ఒకేలా ఉండిపోయింది. పొద్దున ఒకసారి దిగి నోట పళ్ళు కరుచుకొచ్చి అతనికి పెట్టేది. అతను ఉమ్మేస్తే ఏరి మళ్ళీ పెట్టేది. మూడో వారం ఒక మధ్యాహ్నం అతను కళ్ళు విప్పి, ఆమె మోచేతి మీద పాత గీరు చూశాడు. జారిపడ్డనాటిది.

"ఇది ఎప్పుడు తగిలింది?" అన్నాడు.

"నీకు చూపు వచ్చిందన్నమాట" అంది మాణిక్యం. అప్పుడు ఏడ్చింది.

తిరిగివచ్చాక కొమరయ్య ముందుగా చుక్కమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడు గాని, ఆమె కాలు చూడగానే అవన్నీ వదిలేసి దాని పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నా మీద జాలిపడకన్నా. మూడుకాళ్ళ మీద కూడా నీకంటే బాగానే నడుస్తున్నాను" అంది చుక్కమ్మ.

"రేపటినుంచి చెట్టెక్కుతాను చెల్లీ. నన్ను ఎవరూ నియమించకపోయినా సరే."

ఆమె ఒక గడ్డిపరక కొరికింది. "నీ మీద కోపం లేదు. కానీ నీ గొంతు వినబడితే కాళ్ళు ముందుకు పోవడం లేదు. పన్నెండేళ్ళు వాటికి నేనే నేర్పాను. ఇప్పుడు మళ్ళీ ఎలా నేర్పాలో తెలియడం లేదు."

మర్నాడు కొమరయ్య చెట్టెక్కాడు. దుప్పులు అతనివైపు చూడలేదు. ఎవరికి వాళ్ళే నాలుగు దిక్కులూ చూసుకుంటూ, గుక్కెడు తాగి పది అడుగులు వెనక్కి వేస్తూ, ఎండిన గొంతులతోనే వెళ్ళిపోయేవాళ్ళు. రోజులు గడిచేకొద్దీ వాళ్ళ డొక్కలు లోపలికి పోవడం అతనికి పైనుంచి కనబడేది.

వానలకు ముందు ఒక పొద్దున చిరుత మళ్ళీ వచ్చింది. ఈసారి పూలు కాదు. తుమ్మపొద వెనక చెవులు, చెవుల కింద కళ్ళు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే కనిపించాయి. కొమరయ్య గుండెలనిండా ఊపిరి తీసి ఖక్కుమన్నాడు.

రెండు దుప్పులు తలెత్తి, అరిచింది అతనే అని చూసుకుని, మళ్ళీ నీళ్ళలో మూతి పెట్టాయి. చుక్కమ్మ చెవులు వణికాయి. కాలు మాత్రం కదలలేదు.

కొమరయ్య మళ్ళీ అరవలేదు. ఒక్క దూకున పక్క చెట్టు మీద మాణిక్యం దగ్గర వాలాడు.

"తుమ్మపొద వెనక ఉంది. నేను చెబితే నమ్మరు. నువ్వు కేక వెయ్యి."

"నేనెప్పుడూ వెయ్యలేదు."

"నోరు తెరువు. వచ్చేస్తుంది."

మాణిక్యం అతని కళ్ళలోకి చూసింది. నోరు తెరిచింది. ఆమె వేసిన కేక బొంగురుగా, వంకరగా ఉంది. అయినా మడుగు గట్టు ఒక్క రెప్పపాటులో ఖాళీ అయిపోయింది. మూడుకాళ్ళ చుక్కమ్మ అందరికంటే ముందు పరిగెత్తింది.

పరిగెత్తనిది నిర్మూలన సంఘం ఒక్కటే. ముగ్గురూ నమూనా తోటలో కొత్త చిగుళ్ళను పరిశీలిస్తున్నారు. ఆ కేక వాళ్ళకు సన్నాయిలా వినిపించింది. చిరుత కంగారు లేకుండా తోటలోకి నడిచివచ్చింది. ముద్దయ్యను వాసన చూసి, పెంకు గట్టిదని పక్కకు దొర్లించింది. నోరు తెరుచుకుని ఆకాశంవైపు చూస్తున్న భద్రప్ప మరీ పెద్దగా ఉండడంతో చుట్టూ తిరిగి వదిలేసింది. చివరికి కలాపమూర్తి తోక పట్టుకుంది. ఆయన ఎలాగో విదిలించుకుని చెట్టెక్కాడు గాని, పింఛమంతా చిరుత నోట్లోనే ఉండిపోయింది.

ఎండ తగ్గాక చుక్కమ్మ మద్దిచెట్టు కిందికి వచ్చింది.

"కేక వదినది. చూసింది ఎవరో నాకు తెలుసులే" అంది.

కొమరయ్య తోక సర్దుకోలేదు. కొమ్మను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"కొన్నాళ్ళు మాత్రం వదిననే వెయ్యమను అన్నా. ఎన్నాళ్ళని అడక్కు" అని మెల్లగా కుంటుకుంటూ వెళ్ళింది.

అప్పటినుంచి ఆ చెట్టు మీద ఇద్దరు కూర్చుంటున్నారు. ఆయన చూస్తాడు, ఆమె అరుస్తుంది.

సంఘం ఆ నాటి సమావేశం వివరాలు ముద్దయ్య చేత రాయించి సభాపతికి పంపింది. అందులో ఇలా ఉంది: "సమావేశానికి చిరుతగారు ప్రత్యేక ఆహ్వానితులుగా విచ్చేశారు. వారికి కలాపమూర్తిగారి పింఛం జ్ఞాపికగా బహూకరించడమైనది. చర్చ స్నేహపూర్వక వాతావరణంలో సాగింది. నమూనా తోటలో ఆకు అయిపోయినందున దాన్ని రెట్టింపు విస్తీర్ణంలో పెంచాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

నీతి: అడవిలో మత్తాకు అన్నది మిగలకూడదనుకుంటే దాని మీద ఒక సంఘం వెయ్యాలి, ఆకంతా సంఘమే తినేస్తుంది.